బొంతకు వెల చెప్పిన నోరు

నా ఉద్యోగం పేరు కాగితాల మీద చాలా పొడుగ్గా ఉండేది. జనం మాత్రం ‘కుట్టు టీచరమ్మ’ అని పిలిచేవారు. ఆడవాళ్ళకు కుట్టూ అల్లికా నేర్పి, వాళ్ళు నాలుగు డబ్బులు సంపాదించుకునేలా చేయడం నా పని అని చెప్పి నన్ను పంపించారు. కడప, కర్నూలు జిల్లాల్లో తిరిగాక నాకు తెలిసింది ఏమిటంటే, వాళ్ళకు పని నేను నేర్పక్కర్లేదు. నాకంటే బాగా వచ్చు. వాళ్ళకు రానిది ఒక్కటే, ఆ పనికి వెల చెప్పడం.

మొన్న ఈ ఉద్యోగంలోనే కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె మా ఇంటికి వచ్చింది. నోటుపుస్తకం తెరిచి, “మీ రోజుల్లో ఆడవాళ్ళకు ముఖ్యంగా దేనికి కొరత ఉండేదండీ? పెట్టుబడికా, గిరాకీకా?” అని అడిగింది. “ఏమోనమ్మా, భయానికి మాత్రం కొరత లేదు,” అన్నాను. తమాషాకు అన్నాననుకుని నవ్వి, ఆ మాట రాసుకోలేదు. అందుకని కొత్తగా చేరే మీ కోసం నేనే రాస్తున్నాను. ఎప్పుడు ఏ కాగితం పంపాలో, ఏ మెట్టు ఎప్పుడెక్కానో ఇందులో ఉండదు. అవి మీకు ఆఫీసులోనే చెబుతారు.

కాశింబీని చూసి నేను నేర్చుకున్న తప్పు పాఠం

నా మొదటి కొలువు కడపలో. మాది మైదుకూరు దగ్గర పల్లె. మా నాయన మూడెకరాల మెట్ట చేసుకుంటూ ఆదివారం మిషను గుడిలో గంట కొట్టేవాడు. మిషను బడిలో చదివి, టీచరు ట్రైనింగు చేసి, ఇరవై రెండేళ్ళకు ఈ ఉద్యోగంలో చేరాను. జీతం తక్కువ, పైగా టెంపరరీ. ఏ రోజైనా ఇంటికి పంపేయవచ్చు. ఆ మాట నేను ఒక్క రోజు కూడా మరిచిపోలేదు.

కడపలో మా కేంద్రం ఉన్న వీధిలో కాశింబీ అని రవికెలు కుట్టే ఆమె ఉండేది. గుడ్డ చేతిలోకి తీసుకోకముందే “ముప్పావలా” అనేది. బేరమాడితే గుడ్డ తిరిగి ఇచ్చేసేది. పక్క సందులో లక్ష్మమ్మ ఉండేది. కాశింబీకంటే సన్నగా, సొంపుగా కుట్టేది. ఎంతమ్మా అంటే “మీకు తోచింది ఇయ్యండి” అనేది. ఒకరు రెండణాల బేడ ఇచ్చేవారు, ఒకరు నాలుగు వంకాయలు ఇచ్చేవారు. ఏడాది తిరిగేసరికి కాశింబీ ఇంటికి పెంకు వేయించుకుంది. లక్ష్మమ్మ ఇంటి కప్పు బోదగడ్డిగానే ఉండిపోయింది.

నీకంత ధైర్యం ఎట్లా వచ్చిందని కాశింబీని అడిగాను. “నా చేతి పనికి నేను ఎల చెప్పకుంటే నా సవితి వచ్చి చెప్తాదా టీచరమ్మా?” అని పకపకా నవ్వింది.

ఆ నవ్వు చూసి నేను తప్పు పాఠం నేర్చుకున్నాను. ధైర్యం అనేది ఒకరిని చూసి ఇంకొకరు తెచ్చుకునే వస్తువనుకున్నాను. లక్ష్మమ్మకూ మిగతావాళ్ళకూ ‘కాశింబీని చూసి నేర్చుకోండి’ అని ఉపన్యాసాలు ఇచ్చాను. వాళ్ళు తలలూపి ఇళ్ళకు పోయి మళ్ళీ నాలుగు వంకాయలే తీసుకున్నారు. లక్ష్మమ్మకు దేనికి భయమో నేను ఒక్కసారి కూడా అడగలేదు. తిట్టడం సులువు, అడగడం కష్టం. మీరూ ఇదే చేస్తారు, నాకు తెలుసు.

గోడకు చెప్పడం

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఏడాది నన్ను ఆ ఊరి పక్కనే ఉన్న కల్లూరుకు మార్చారు. అప్పట్లో కర్నూలు చూడాలి. మద్రాసు నుంచి ఆఫీసులన్నీ వచ్చి పడ్డాయి, ఉండడానికి ఇళ్ళు లేవు. ఉద్యోగులు గుడారాల్లోనే పని, గుడారాల్లోనే నిద్ర. పగలు ఎండకు మాడేవారు, చలికాలంలో నది మీద నుంచి వచ్చే గాలికి వణికేవారు. వాళ్ళకు అన్నీ కావాలి. అన్నం కావాలి, మజ్జిగ కావాలి, చిరిగిన బట్టలకు కుట్టు కావాలి. చేతిలో పని ఉన్న ఆడదానికి అంత మంచి రోజులు ఆ ఊళ్ళో ముందూ లేవు, తరవాతా రాలేదు.

కేంద్రానికి వచ్చే ఆడవాళ్ళకు నేనొక అలవాటు పెట్టాను. సాయంత్రం ఇంటికి పోయే ముందు ఒక్కొక్కరూ గోడకు ఎదురుగా నిలబడి, తాము చేసిన వస్తువు పట్టుకుని, దాని వెల గట్టిగా చెప్పాలి. నవ్వుకునేవారు. మీరు కూడా నవ్వుతారేమో, ఒకసారి చేసి చూడండి. ‘ఈ రవికె’ అన్నప్పుడు గొంతు బాగానే ఉండేది. ‘పది అణాలు’ దగ్గరికి వచ్చేసరికి సగం మందికి మాట లోపలికి పోయేది. గోడ ఏమైనా అంటుందా? బేరమాడుతుందా? అయినా భయమే. నెల రోజులు చెప్పగా చెప్పగా చాలామందికి మాట బయటికి వచ్చింది.

రానిది ఒక్క ఓబులమ్మకే.

ఓబులమ్మ బొంతలు కుట్టేది. పాత చీరలు నాలుగైదు పొరలు పరిచి, మూలల్లో రాళ్ళు పెట్టి లాగి, దబ్బనంతో వరసలు కుట్టుకుంటూ పోతుంటే చూస్తూ కూర్చోవాలనిపించేది. గీత గీసినట్టు ఉండేవి ఆ వరసలు. అంచుకు పాత చీరల కొంగులు ముక్కలు చేసి వేసేది. నాకంటే పదేళ్ళు పెద్ద, నేను అక్కా అనేదాన్ని. మొగుడు పోయి మూడేళ్ళు. తొమ్మిదేళ్ళ కూతురు ఒక్కతే. పేరు సుంకులమ్మ, అందరూ సుంకి అని పిలిచేవారు. పగలంతా మా కేంద్రం అరుగు మీద కూర్చుని తల్లికి దబ్బనంలోకి దారం ఎక్కించి ఇచ్చేది.

ఎవరొచ్చి ‘బొంత ఎంత’ అన్నా ఓబులమ్మ తల వంచుకుని, “మీకు తోచింది ఈండమ్మా,” అనేది. రెండు మానికల జొన్నలు ఇచ్చినా తీసుకునేది. గోడ ముందు నిలబెడితే చెమటలు పట్టేవి. ఒకసారి అక్కడే చతికిలబడింది.

ఆమె ఇల్లు గడవకపోతే ఏం జరుగుతుందో మా అందరికీ తెలుసు. మొగుడి అన్న ఆత్మకూరు అవతల, నల్లమల అడవి అంచున ఉండేవాడు. చెడ్డవాడు కాదు. వచ్చినప్పుడల్లా ఒకే మాట అనేవాడు. “తినేకి లేకుంటే పిల్లను మా కాడ ఇడ్సమ్మా. మేకల ఎనక పోతాది, ఇంత సంగటి తింటాది.”

ఆ మాట వింటే ఓబులమ్మ ముఖంలో నెత్తురు ఉండేది కాదు. ఆమె మొగుడు ఆ ఊళ్ళోనే, ఆ అడవి చలిజ్వరంతోనే పోయాడు. అక్కడ మేకల మందల మీద చిరుతలు పడతాయని కూడా చెప్పుకునేవారు. “ఆ ఊరు నా ఇంటాయన్ని తినె. పిల్లను గూడ పెట్టమంటాండాడు,” అనేది నాతో.

ఆయన సిరాబుడ్డి వెతుక్కుంటున్నాడు

ఆ చలికాలంలో గుడారాల వసతి చూసే ఆఫీసు నుంచి కబురు వచ్చింది. యాభై బొంతలు కావాలి, వచ్చి ధర మాట్లాడండి అని. ఓబులమ్మ కుట్టిన బొంత ఒకటి ఎవరో కప్పుకోగా చూశారట. నేను ఎగిరి గంతేశాను. మంచి వెల పలికితే ఏడాదంతా తల్లీకూతుళ్ళకు లోటుండదు. కొనే గుడ్డ, దారం, సాయానికి పెట్టుకునే ఆడవాళ్ళ కూలి అన్నీ చూసుకుని, బొంతకు నాలుగు రూపాయలు అడగాలని అనుకున్నాం. మూడున్నరకు తగ్గకూడదు.

“నా నోటితో చెప్పలేను టీచరమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటా, నువ్వు చెప్పు,” అని ఓబులమ్మ ఏడ్చింది. చెబుతానన్నాను.

గుడారంలో ఒక పెద్ద గుమాస్తా కూర్చున్నాడు. మద్రాసు నుంచి వచ్చినాయన, మర్యాదస్తుడు. “ఒక్కొక్కటి ఎంత పడుతుందమ్మా?” అని అడిగాడు. నా నోట్లో నాలుగు ఉంది, బయటికి వచ్చింది మూడు. ఎందుకు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ప్రభుత్వ కుర్చీలో కూర్చున్నాయన. నేను టెంపరరీ మనిషిని. ఎక్కువ అడిగిందని ఎక్కడైనా నా మీద ఒక మాట వేస్తే?

ఆయన ఏమీ అనలేదు. బల్ల మీద కాగితాలు ఎత్తి చూస్తున్నాడు. ఆ మౌనం నేను భరించలేకపోయాను. “రెండున్నర అయినా ఫరవాలేదండీ,” అన్నాను. ఆయన వంగి బల్ల కిందకు చూశాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. “రెండూ పావలా చేసుకోండి,” అన్నాను. అప్పుడు ఆయన కింద నుంచి సిరాబుడ్డి తీసి బల్ల మీద పెట్టి, “రెండూ పావలానా? సరేనమ్మా, రాసుకుంటున్నా,” అన్నాడు.

ఆయన వెతుకుతున్నది సిరాబుడ్డిని. తగ్గించమని ఒక్క మాట కూడా అడగలేదు. ఆయన నోరు విప్పకుండానే నేను ఓబులమ్మ కష్టాన్ని మూడుసార్లు కోసి ఆయన ముందు పెట్టాను.

బయటికి వచ్చి చెబితే ఓబులమ్మ నన్ను ఏమీ అనలేదు. “పోనీలే టీచరమ్మా. నువ్వు చెప్పినావు, నేను చెప్పలేదు. అదే శానా,” అంది. అప్పుడైనా ఆ మాటకు అర్థం ఏమిటని నేను అడగాల్సింది.

రెండు నెలలు నలుగురు ఆడవాళ్ళను పెట్టుకుని కుట్టింది. వాళ్ళ కూలి, గుడ్డ, దారం పోను ఆమెకు మిగిలింది వేళ్ళకు కాయలు. ఎండాకాలం రాకముందే ఇంట్లో పొయ్యి సరిగా వెలగడం మానేసింది. బావ వచ్చాడు. ఈసారి ఓబులమ్మ కాదనలేకపోయింది.

సుంకి వెళ్ళే రోజు కేంద్రానికి వచ్చి నా కొంగు పట్టుకుంది. “టీచరమ్మా, ఆడ చిరుతలుంటాయంట. నిజమేనా?” అని అడిగింది.

“ఉండవమ్మా. ఎవరో ఊరికే అంటారు,” అన్నాను.

పిల్ల నమ్మి వెళ్ళింది. నాకు తెలిసి నేను ఉద్యోగంలో ఆడిన అబద్ధాల్లో అంత బరువైనది ఇంకొకటి లేదు.

మా పెద్దమ్మగారు

మా పై అధికారి రాజ్యలక్ష్మి గారు కోస్తా నుంచి వచ్చినావిడ. ఆవిడ జీపు శబ్దం వింటే చాలు, కొంగులు సర్దుకుని లేచి నిలబడేవాళ్ళం. తనిఖీకి వచ్చి, బొంతల సంగతంతా విని, నన్నొక్కదాన్నే నిలబెట్టి అడిగింది.

“నీ జీతం ఎంత?”

చెప్పాను.

“చేరినప్పుడెంత?”

“అంతేనండీ.”

“పెంచమని అడిగావా ఎప్పుడైనా?”

“లేదండీ. అడిగితే తీసేస్తారేమోనని...”

“నువ్వు నీకోసమే నోరు విప్పలేవు, ఇంకొకత్తెకోసం బేరమాడడానికి పోయావా? ఆ పిల్ల అడవిలో మేకలు కాస్తోందంటే ఆ పాపంలో నీకూ వాటా ఉంది. మళ్ళీ చలికాలానికి వాళ్ళు అడుగుతారు. అప్పుడు ఆమే లోపలికి వెళ్ళి చెప్పాలి. నువ్వు గుడారం బయట నిలబడు.”

ఆ రోజంతా ఏడ్చాను. ఉద్యోగం పోతుందనే ఏడ్చాను, పిల్ల కోసం ఏడ్చింది తరవాత. నిజం చెప్పుకోవాలి కదా. ఆవిడ నోరు కత్తి, మా ఎవరికీ ఆవిడంటే ఇష్టం లేదు. కానీ ఆ రోజు అన్నది ప్రతి ముక్కా నిజం. ఒక్కచోట ఆవిడ కూడా పొరబడింది. ఓబులమ్మను లోపలికి తోసేస్తే మాట అదే వస్తుందనుకుంది. ఓబులమ్మకు దేనికి భయమో ఆవిడా అడగలేదు.

అడగడానికి నాకు ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఒక మధ్యాహ్నం బొంత పక్కన కూర్చుని, “అక్కా, వెల చెబితే ఏమవుతుందని నీ భయం?” అన్నాను. అంతే. దాదాపు ఏడాదిగా నేను వేయవలసిన ప్రశ్న అదొక్కటే.

దబ్బనం పక్కన పెట్టి చెప్పింది. మొగుడి ఊళ్ళో, వాళ్ళ వాడలో పురిటి బొంతకు వెల చెప్పకూడదట. పుట్టబోయే బిడ్డ కింద వేసే చిన్న బొంత అది. ఇంటివాళ్ళు మెత్తబడిన పాత గుడ్డలు ఇస్తారు, కుట్టిన ఆమెకు జొన్నలూ రవికె గుడ్డా పెడతారు. కుట్టిన ఆమె నోరు తెరిచి వెల చెబితే, ఆ వెల బిడ్డకు కట్టినట్టేనని నమ్మకం. మొగుడు జ్వరంతో పడుకున్న రోజుల్లో మందుకు లేక, ఒక పెద్దింటి పురిటి బొంతకు ఓబులమ్మ రెండు రూపాయలు అడిగింది.

“బిడ్డకు జరమొచ్చె. ఎనిమిదో పొద్దు నేను పరిగెత్తుకోని పోయి ఆ రెండు రూపాయలు వాపసిచ్చి వస్తి. తొమ్మిదో పొద్దు బిడ్డ పాయ. వాళ్ళవ్వ వాకిట్లో నిలబడి, ‘ఎల చెప్పిన నోరు ఇదే’ అని నా మొగం మీద చెయ్యి చూపిచ్చె. నెలకు మా ఆయన పాయ. ఇంగ యా నోటితో చెప్పాల టీచరమ్మా?”

పెద్దవాళ్ళు కప్పుకునే బొంతకు ఆ పట్టింపు లేదు కదా అన్నాను. “బొంత బొంతే గదమ్మా,” అంది.

నేను ఆమెకు ఉపన్యాసం ఇవ్వలేదు. ఇచ్చే స్థితిలో లేను. అప్పటికి నాకు ఏడో నెల.

ఐదు రూపాయలు

అది నాకు రెండో కాన్పు. మొదటి బిడ్డ కడపలో పుట్టి, ఇరవై రోజులు ఉండి పోయింది. ఆ సంగతి ఓబులమ్మకు తెలుసు. నేను గర్భంతో ఉన్నప్పటి నుంచి నా ముందర వెల అనే మాటే ఎత్తేది కాదు. ఎవరైనా కేంద్రానికి వచ్చి బేరమాడితే నన్ను లోపలికి పొమ్మనేది.

ఆ మధ్యాహ్నం నాకేం పట్టిందో, “నా బిడ్డకు పురిటి బొంత కుట్టక్కా. కుట్టి, వెల చెప్పు. నేను డబ్బిచ్చి తీసుకుంటా,” అన్నాను.

ఆమె నా నోరు మూసింది. నిజంగానే, చేత్తో మూసింది. “పిచ్చి పట్టిందా నీకు?”

“మాకు ఆ నమ్మకం లేదు. నా బిడ్డ బాగుంటే నువ్వు చూస్తావు కదా. చలికాలానికి నువ్వు గుడారంలోకి పోవాలి. సుంకి రావాలి.”

సుంకి పేరు ఎత్తాక ఆమె మళ్ళీ దబ్బనం అందుకుంది. పది రోజుల తరవాత బొంత తెచ్చింది. ఎక్కడా వంకర లేకుండా వరసలన్నీ సమంగా, అంచుకు ఆకుపచ్చ కొంగు వేసి. గోడ వైపు తిరిగి నిలబడింది. చాలాసేపు అలాగే నిలబడి, “ఐదు రూపాయలు,” అంది. నేను ఇచ్చాను. ఆమె వాటిని కొంగున ముడి వేసుకుంది.

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన బడిపంతులు, నన్ను ఎప్పుడూ ఆటపట్టించే మనిషి. “అమ్మో, నీ ధైర్యానికి కొలువులో మెడల్ ఇవ్వాలి,” అన్నాడు. తరవాత, “అవసరమా?” అన్నాడు.

అప్పటి నుంచి భయం నాది అయింది. నమ్మకం లేదని అన్నది నేనే. ప్రార్థన చేసుకునేదాన్ని, మోకాళ్ళ మీద నుంచి లేవగానే మళ్ళీ ఐదు రూపాయలు గుర్తొచ్చేవి. బిడ్డ కడుపులో ఒక పూట కదలకపోతే చాలు, బొంత పెట్టిన పెట్టె వైపు చూసేదాన్ని. దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామని రెండుసార్లు బయటికి తీశాను.

ఆడపిల్ల పుట్టింది. బాగానే ఉంది. బొంత మీదే పడుకోబెట్టాను. ఏడో రోజు పొద్దున ఒళ్ళు కాలిపోయింది. పాలు తాగలేదు. డాక్టరు వచ్చి మందిచ్చి, రెండు మూడు రోజులు చూడాలన్నాడు.

మధ్యాహ్నానికి ఓబులమ్మ వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడి, కొంగు ముడి విప్పి ఐదు రూపాయలు ముందుకు చాచింది. ఒక్క పైసా వాడుకోలేదు ఆ డబ్బు. “తీసుకో టీచరమ్మా. నేను చెప్పలేదు అనుకో. నీకు దండం పెడతా, తీసుకో.”

ఇక్కడ మీకొక గొప్ప మాట రాయాలని నాకూ ఉంది. తీసుకోకూడదని నాకు తెలుసు. తీసుకుంటే ఈ జన్మలో ఆమె నోటి నుంచి ఇంకో వెల రాదు, సుంకి ఇంటికి రాదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చెయ్యి చాచి తీసుకున్నాను. గబగబా, లాక్కున్నట్టు తీసుకున్నాను. మా ఆయన చూశాడు, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఇన్నేళ్ళు ఎందరికో ధైర్యం చెప్పిన నేను ఆ రోజు ఏ అడవి పల్లె అవ్వకూ తీసిపోలేదు.

బిడ్డకు జ్వరం తగ్గలేదు.

ఓబులమ్మ సాయంత్రం దాకా గడపలోనే కూర్చుంది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి బిడ్డ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. కాలుతూనే ఉంది. “దుడ్లు నీ కాడనే ఉండాయి గదా?” అంది. ఉన్నాయన్నాను. ఏదో ఆలోచిస్తూ బిడ్డ పక్కనే కూర్చుండిపోయింది. తొమ్మిదో రోజు కూడా అలాగే గడిచింది. ఆ రోజు నేను బిడ్డ రొమ్ము లేస్తోందా పడుతోందా అన్నది తప్ప వేరే ఏమీ చూడలేదు. పదో రోజు పొద్దున మందు పట్టి జ్వరం దిగింది. పిల్ల ఆకలికి గుక్కపట్టి ఏడిస్తే మా ఇంట్లో అందరం నవ్వాం.

వారం తరవాత ఓబులమ్మ వచ్చింది. కాసేపు పిల్లను ఆడించింది. తరవాత నా ముఖంలోకి నేరుగా చూసింది. అంతవరకు ఆమె అలా చూడగా నేను ఎరగను.

“నా ఐదు రూపాయలు ఇయ్యి టీచరమ్మా.”

నేను పెట్టె వైపు చూశాను.

“పెద్దింటోళ్ళ బిడ్డప్పుడు వాపసిచ్చినా, బిడ్డ పాయ. నీ బిడ్డప్పుడు వాపసిచ్చినా, ఆ పొద్దు జరం దిగల్యా, మందుకు దిగె. నా దుడ్లకూ బిడ్డ పానానికీ ఏం సంబంధమమ్మా? మూడు దినాలు ఈడ్నే కూచోని చూసినా. ఏం లేదు. బొంత నీ బిడ్డ కిందనే ఉండాది. నా కష్టం నాకియ్యి.”

పెట్టె తీసి ఇచ్చాను. ఆమె లెక్కపెట్టుకుని కొంగున ముడి వేసుకుంది.

గుడారం బయట

చలికాలం వచ్చింది. అదే గుడారం, అదే గుమాస్తా. రాజ్యలక్ష్మి గారు చెప్పినట్టే నేను బయట నిలబడ్డాను. లోపలి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

“ఒక్కొక్కటి ఎంతమ్మా?”

“ఆరు రూపాయలు సార్.”

ఐదు అడగమని నేను చెప్పి పంపాను. లోపల మౌనం. కాగితాల చప్పుడు. నాకు అలవాటైన ఆ మౌనమే. గుడారం తాడు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను, లేకపోతే లోపలికి పరిగెత్తి తగ్గించేసేదాన్నే. ఓబులమ్మ ఏమీ అనలేదు. దగ్గు కూడా దగ్గలేదు.

చివరికి ఆయనే అన్నాడు. “పోయినేడు రెండూ పావలాకు ఇచ్చారు కదమ్మా?”

“పోయినేడు చెప్పింది టీచరమ్మ సార్. ఈయేడు చెప్తాండేది నేను,” అంది ఓబులమ్మ. గొంతు వణుకుతూనే ఉంది. వణుకుతూనే మొత్తం చెప్పింది.

ఆయన ఐదున్నర అన్నాడు. ఆమె మళ్ళీ ఊరుకుంది. ఆరుకే రాసుకున్నాడు.

కొత్త అమ్మాయిలు గమనించాలి. ఆమెకు భయం పోలేదు. బయటికి వచ్చి తాటిచెట్టు కింద కూర్చుని వాంతి చేసుకుంది. భయం పోయాక వెల చెబుదామని కూర్చుంటే ఎవరూ చెప్పలేరు. నేనూ ఆ నెలలోనే జీతం పెంచమని దరఖాస్తు పెట్టాను. పెంచలేదు. కానీ తీసేయనూ లేదు.

ఆఫీసువాళ్ళు ముందుగా ఇచ్చిన బయానా చేతిలో పడ్డ మర్నాడే ఓబులమ్మ ఆత్మకూరు బస్సెక్కింది. మూడో రోజు కూతుర్ని వెంటబెట్టుకుని నేరుగా మా కేంద్రానికి వచ్చింది. సుంకి బాగా నల్లబడింది, చిక్కిపోయింది. పిక్క మీద ముళ్ళు గీసుకున్న గాట్లు. పొడుగైంది కూడా. ఎప్పటిలాగే అరుగు మీద తన చోట్లో కూర్చుని దబ్బనం అందుకుంది.

నేను పక్కన కూర్చుని తల మీద చెయ్యి వేశాను. పిల్ల దారం కొస నోట్లో తడిచేసి, ఎక్కిస్తూ ఎక్కిస్తూ, నా వైపు చూడకుండానే అంది.

“ఉండాయి టీచరమ్మా చిరుతలు. నేను చూసినా.”